రైళ్లు ఆగిన వేసవి

మన ఇళ్లలో వేసవి అంటే సెలవులు మాత్రమే కాదు, బదిలీల కాలం కూడా. మార్చి పరీక్షలు అయ్యేసరికి ఎవరో ఒకరి ఇంటికి ఆర్డరు వస్తుంది. అట్టపెట్టెలు, గోనెసంచులు, సుతిలితాడు బయటికి వస్తాయి. బడిలో టి.సి. తీసుకుంటాం. రైలెక్కి కొత్త ఊరు చేరుకుంటాం. అక్కడి కేంద్రీయ విద్యాలయంలో మళ్లీ అదే యూనిఫారం, అవే పుస్తకాలు. రైలు, బడి, టి.సి. ఈ మూడూ ఉంటే దేశంలో ఎక్కడికి వెళ్లినా బతకగలమని చిన్నప్పటి నుంచి మనకు ఒక ధీమా.

2020 వేసవిలో ఈ మూడూ ఒకేసారి ఆగిపోయాయి. రైళ్లు నిలిచిపోయాయి, బడులు మూతపడ్డాయి, చాలా శాఖల్లో బదిలీలు వాయిదా పడ్డాయి. ఎక్కడివాళ్లు అక్కడే ఉండాలన్నారు. మనం ఉండిపోయాం. కానీ అదే రోజుల్లో, నెత్తిన మూటలు పెట్టుకుని, చంటిపిల్లల్ని చంకనెత్తుకుని వందల కిలోమీటర్లు నడిచిపోతున్న కుటుంబాలను టీవీలో చూశాం. అందరికీ వచ్చిన ఆదేశం ఒక్కటే. మరి కొందరు ఇంట్లో ఉండగలిగితే, కొందరు ఎండలో ఎందుకు నడవాల్సి వచ్చింది? ఆ వేసవి సంగతులను వరుసగా చెప్పుకుంటూ ఈ ప్రశ్నకు జవాబు వెతుకుదాం.

ఎందుకు ఆగవలసి వచ్చింది?

కొత్త కరోనా వైరస్ 2019 చివర్లో చైనాలోని వూహాన్ నగరంలో బయటపడింది. మన దేశంలో మొదటి కేసు 2020 జనవరి 30న కేరళలో నమోదైంది. వూహాన్‌లో చదువుకుంటూ ఇంటికి వచ్చిన విద్యార్థికి ఆ జబ్బు సోకింది. మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని మహమ్మారి అని ప్రకటించింది. ఒక ఊరికో ఒక ప్రాంతానికో పరిమితం కాకుండా దేశదేశాలకు పాకిన అంటువ్యాధిని మహమ్మారి అంటారు.

చదరంగం గడుల్లో గింజలు పెట్టే కథ మనందరం విన్నదే. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు. ఇలా రెట్టింపు చేసుకుంటూ పోతే రాజుగారి ధాన్యాగారం మొత్తం చాలలేదు. అంటువ్యాధి లెక్క కూడా ఇలాగే ఉంటుంది. ఒక్కొక్కరి నుంచి ఇద్దరికి సోకుతుందనుకుంటే పదోసారికి కొత్తగా సోకేవారు 1,024 మంది. ఇరవయ్యోసారికి పది లక్షలు దాటుతారు. అదే ఒక్కరి నుంచి ఒక్కరికే సోకితే ఇరవయ్యోసారికీ ఒక్కరే ఉంటారు. రెండును ఒకటి చేయగలిగితే చాలు, పది లక్షలు ఒకటి అవుతుంది. మనుషులు కలుసుకోవడం తగ్గించాలని అంత గట్టిగా చెప్పింది ఇందుకే.

జబ్బు లేనివాళ్లు కూడా ఇంట్లో ఎందుకుండాలి అని అప్పట్లో చాలామంది అడిగారు. వైరస్ ఒంట్లో చేరాక లక్షణాలు కనబడడానికి ఒక్కోసారి 14 రోజుల దాకా పట్టవచ్చు. ఈలోగా మనిషి ఆరోగ్యంగానే కనిపిస్తాడు, కానీ అతని నుంచి పక్కవాళ్లకు సోకే అవకాశం ఉంది. ఎవరి దగ్గరుందో చూసి చెప్పలేం కాబట్టి అందరూ దూరంగా ఉండాలి. క్వారంటైన్ అన్న మాట పుట్టుక కూడా ఇలాంటిదే. కొన్ని వందల ఏళ్ల క్రితం ప్లేగు భయంతో ఇటలీలోని వెనిస్ రేవులో వచ్చిన ఓడలను నలభై రోజులు నిలిపేసేవారు. వాళ్ల భాషలో నలభై అనే మాట నుంచే ఈ పదం వచ్చింది.

ఇక సబ్బు సంగతి. ఈ వైరస్ చుట్టూ కొవ్వుతో కూడిన పలుచని పొర ఉంటుంది. సబ్బు అణువుకు ఒక కొసకు నీళ్లంటే ఇష్టం, రెండో కొసకు జిడ్డంటే ఇష్టం. జిడ్డును ఇష్టపడే కొస వైరస్ పొరలోకి దూరి దాన్ని చీలుస్తుంది. నీళ్లను ఇష్టపడే కొస ఆ ముక్కల్ని నీళ్లతో పాటు లాక్కుపోతుంది. నెయ్యి అంటిన గిన్నెను వట్టి నీళ్లతో కడిగితే జిడ్డు పోదు, సబ్బు పెడితే పోతుంది. ఇదీ అంతే. ఈ పని జరగడానికి కొంత సమయం కావాలి. వేళ్ల సందుల్లోకి, గోళ్ల కిందికి నురగ చేరాలి. అందుకే 20 సెకన్లు రుద్దమన్నారు. మూతికి కట్టుకునే మాస్కు దగ్గినప్పుడు, మాట్లాడినప్పుడు ఎగిరే తుంపర్లను అడ్డుకుంటుంది. రెండు గజాల దూరం కూడా ఆ తుంపర్ల కోసమే.

ఆగడం వెనుక ఎంత పని?

మార్చి 22 ఆదివారం జనతా కర్ఫ్యూ. సాయంత్రం 5 గంటలకు అందరూ గుమ్మాల్లో, బాల్కనీల్లో నిలబడి చప్పట్లు కొట్టారు, పళ్లాలు మోగించారు. మార్చి 24 రాత్రి 8 గంటలకు ప్రధానమంత్రి టీవీలో మాట్లాడారు. ఆ అర్ధరాత్రి నుంచి 21 రోజులు దేశమంతటా లాక్‌డౌన్ అన్నారు. ఏప్రిల్ 14తో ముగియాల్సింది మే 3 దాకా, తర్వాత మే 17 దాకా, ఆ తర్వాత మే 31 దాకా సాగింది. జూన్‌లో సడలింపులు మొదలయ్యాయి.

మన దేశంలో మొదటి ప్రయాణికుల రైలు 1853 ఏప్రిల్ 16న బొంబాయి నుంచి ఠాణేకు నడిచింది. రోజుకు సుమారు 13 వేల ప్రయాణికుల రైళ్లు నడిచే మన రైల్వే మార్చి 22 అర్ధరాత్రి నుంచి వాటిని నిలిపేసింది. రైల్వే కాలనీలో పెరిగిన పిల్లలకు ఆ నిశ్శబ్దం ఎంత వింతో వేరే చెప్పక్కర్లేదు. వాళ్లకు పొద్దున లేవడానికి గడియారం అవసరం లేదు, ఫలానా ఎక్స్‌ప్రెస్ కూత చాలు. ఆ కూత వారాల తరబడి వినబడలేదు.

బోర్డు పరీక్షలు మధ్యలో ఆగాయి. మార్చి 19 నుంచి జరగవలసినవి సి.బి.ఎస్.ఇ. వాయిదా వేసింది. ఏప్రిల్ మొదట్లో 1 నుంచి 8వ తరగతి దాకా అందరినీ పై తరగతికి పంపమని చెప్పింది. 9, 11 తరగతుల వాళ్లకు ఏడాది పొడుగునా రాసిన పరీక్షలు, చేసిన ప్రాజెక్టులే లెక్కకు వచ్చాయి. పన్నెండో తరగతి అక్కలు, అన్నయ్యలు మిగిలిన పరీక్షలు జులైలో ఉంటాయని నెలల తరబడి చదివిందే చదివారు. చివరికి జూన్ నెలాఖరులో అవి రద్దయ్యాయి. పరీక్ష రాయక్కర్లేదంటే సంతోషమే అనుకుంటాం. కానీ కాలేజీ సీటు ఎలా వస్తుందో తెలియకుండా మూడు నెలలు గడపడం ఎంత కష్టమో ఆ ఇళ్లలో తమ్ముళ్లకు, చెల్లెళ్లకు తెలుసు.

ఆగడం తేలిక, నడపడం కష్టం అనుకుంటాం. నిజానికి పెద్ద వ్యవస్థను ఆపాలన్నా చాలా నేర్పు కావాలి. దీనికి ఏప్రిల్ 5 రాత్రి మంచి ఉదాహరణ. ఆ రోజు 9 గంటలకు తొమ్మిది నిమిషాలపాటు ఇంట్లో లైట్లార్పి దీపాలు వెలిగించమన్నారు. మనం ప్రమిదలు, కొవ్వొత్తులు పట్టుకుని బయటికి వచ్చాం. అదే సమయంలో విద్యుత్ శాఖ ఉద్యోగులు కంట్రోల్ రూముల్లో ఊపిరి బిగబట్టి కూర్చున్నారు.

ఎందుకంటే ధాన్యం నిల్వ చేసినట్టు కరెంటును గిడ్డంగిలో నిల్వ చేయలేం. ఏ క్షణంలో ఎంత వాడితే ఆ క్షణంలో అంతే తయారు కావాలి. తయారీ, వాడకం సరిగ్గా తూగితే గ్రిడ్ 50 హెర్ట్జ్ దగ్గర నడుస్తుంది. కోట్ల ఇళ్లలో ఒక్కసారిగా లైట్లు ఆరితే తయారీ ఎక్కువై తూకం చెడుతుంది. మళ్లీ ఒక్కసారిగా వెలిగితే అటువైపు చెడుతుంది. మరీ చెడితే దేశమంతా చీకటి. ఆ రాత్రి వాడకం సుమారు 1,17,000 మెగావాట్ల నుంచి ఇరవై నిమిషాల్లో 85,000 మెగావాట్లకు పడిపోయింది. ఇంజినీర్లు ముందే లెక్క వేసుకుని జలవిద్యుత్తును సిద్ధంగా ఉంచుకున్నారు. బొగ్గు కేంద్రాన్ని తగ్గించి పెంచడానికి ఎక్కువ సమయం పడుతుంది. జలవిద్యుత్ కేంద్రంలో నీటిని తగ్గిస్తే నిమిషాల్లో తగ్గుతుంది, వదిలితే నిమిషాల్లో పెరుగుతుంది. అలా దించి, ఎక్కించి గ్రిడ్‌ను కాపాడారు. ఫ్యాన్లు, ఫ్రిజ్‌లు ఆపవద్దని, వీధి దీపాలు వెలుగుతూనే ఉంటాయని ముందే చెప్పింది కూడా ఇందుకే.

ఆగని బండ్లు

ప్రయాణికుల రైళ్లు ఆగినా గూడ్సు బండ్లు ఆగలేదు. బియ్యం, గోధుమలు, బొగ్గు, ఎరువులు, మందులు మోస్తూ తిరుగుతూనే ఉన్నాయి. మన తెలుగువాళ్లు గుర్తుపెట్టుకోవలసిన రైలు ఒకటుంది. అప్పటి చిత్తూరు జిల్లాలోని రేణిగుంట నుంచి ఢిల్లీలోని హజ్రత్ నిజాముద్దీన్‌కు పాలు మోసుకెళ్లిన ‘దూధ్ దురంతో’. మామూలు రోజుల్లో పాల ట్యాంకర్లను వేరే ప్రయాణికుల రైళ్లకు తగిలించి పంపేవారు. ఆ రైళ్లు లేకపోయేసరికి మార్చి 26 నుంచి పాల కోసమే ప్రత్యేకంగా ఈ రైలు నడిపారు. ఒక్కో ట్యాంకరులో 40 వేల లీటర్ల పాలు. ఆరు ట్యాంకర్లంటే 2 లక్షల 40 వేల లీటర్లు. ఇక్కడి పల్లెల్లో పాలు పిండే రైతుకు, అక్కడ పొద్దున్నే పాలకోసం చూసే ఇంటికి మధ్య ఆ రైలు ఒక్కటే దారి.

రైల్వే వర్క్‌షాపుల్లో మరో పని మొదలైంది. పాత స్లీపర్ పెట్టెల్లో మధ్య బెర్తులు తీసేసి, ఒక మరుగుదొడ్డిని స్నానాల గదిగా మార్చి, రోగులను ఉంచే గదులుగా తయారుచేశారు. ఇలా 5,000కు పైగా పెట్టెలు సిద్ధమయ్యాయి.

బ్యాంకులు తెరిచే ఉన్నాయి. జన్‌ధన్ ఖాతాలున్న 20 కోట్లకు పైగా మహిళలకు నెలకు 500 రూపాయల చొప్పున మూడు నెలలు ప్రభుత్వం జమ చేసింది. అందరూ ఒకే రోజు వస్తే? దానికి తేలికైన ఉపాయం ఆలోచించారు. ఖాతా సంఖ్యలో చివరి అంకె 0 లేదా 1 అయితే ఏప్రిల్ 3న, 2 లేదా 3 అయితే 4న, ఇలా 9వ తేదీ దాకా రోజులు పంచారు. చివరి అంకె ఏదైనా కావచ్చు కాబట్టి జనం దాదాపు సమానంగా ఐదు భాగాలయ్యారు. మనం ఒకటో తరగతిలో నేర్చుకున్న అంకెలే బ్యాంకు ముందు తోపులాటను ఆపాయి. బ్యాంకుకు వెళ్లలేని ముసలివాళ్లకు పోస్ట్‌మ్యాన్ ఇంటికే వచ్చి, వేలిముద్ర తీసుకుని డబ్బు చేతికిచ్చాడు.

నౌకాదళంవారి ‘సముద్రసేతు’ కూడా ఇలాంటిదే. ఐ.ఎన్.ఎస్. జలాశ్వ మే నెలలో మాల్దీవుల నుంచి 698 మందిని ఎక్కించుకుని కొచ్చికి చేర్చింది. ఈ పత్రిక చదివే మనలో చాలామంది ఇళ్లలో ఇలాంటి ఉద్యోగాలు చేసేవాళ్లే ఉన్నారు. ఆ ఇళ్లలో అమ్మో నాన్నో డ్యూటీ నుంచి వచ్చి, బయటే చెప్పులు విడిచి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకుండా నేరుగా స్నానానికి వెళ్లేవారు. ఆసుపత్రిలో పనిచేసే అమ్మలు కొందరు వారాల తరబడి ఇంటికే రాలేదు, ఫోనులోనే అన్నం తిన్నారా అని అడిగేవారు.

ఇంటికి వచ్చిన బడి

ఏప్రిల్‌లో ఎన్.సి.ఇ.ఆర్.టి. ప్రత్యామ్నాయ విద్యా క్యాలెండర్ విడుదల చేసింది. ఇంట్లో ఉన్న వస్తువులతో, ఇంట్లోవాళ్ల సాయంతో వారం వారం ఏం నేర్చుకోవచ్చో అందులో ఉంది. మన టీచర్లు సెల్‌ఫోనును స్టూలు మీద, పుస్తకాల దొంతర మీద నిలబెట్టి పాఠాలు చెప్పారు. స్వయంప్రభ టీవీ ఛానళ్లలో పాఠాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి పిల్లలకు దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు ప్రసారం చేశారు. మార్చి 28 నుంచి దూరదర్శన్‌లో పాత రామాయణం ధారావాహికను మళ్లీ వేస్తే తాతయ్యల నుంచి మనవల దాకా ఒకే టీవీ ముందు కూర్చున్నారు.

టీవీ పాఠానికీ ఫోను పాఠానికీ పెద్ద తేడా ఉంది. టీవీ ఒకటుంటే ఇంటిల్లిపాదీ చూడొచ్చు, కానీ ప్రశ్న అడగలేం. ఫోనులో ప్రశ్న అడగొచ్చు, కానీ ఒకరికి ఒక ఫోను కావాలి. ఇంట్లో ఒకే ఫోను ఉండి, ముగ్గురు పిల్లలు ఉండి, ఆ ఫోను నాన్నతో పాటు డ్యూటీకి వెళ్లిపోతే పాఠం రాత్రికే. సిగ్నల్ కోసం మేడ ఎక్కినవాళ్లున్నారు. డేటా అయిపోతే నోట్సు ఫోటోలు తెరుచుకోక ఏడ్చినవాళ్లున్నారు. ఒకే బెంచీ మీద పక్కపక్కన కూర్చున్నంత కాలం ఎవరింట్లో ఏముందో తెలియలేదు. బడి మూసేశాకే ఆ తేడా బయటపడింది. బడి అంటే పాఠం చెప్పే చోటే కాదు, కాసేపైనా అందరినీ సమానంగా కూర్చోబెట్టే చోటని అప్పుడు తెలిసింది.

నడిచిన వాళ్లు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం.

మిరప కోతల కాలంలో ఛత్తీస్‌గఢ్ నుంచి కుటుంబాలు తెలంగాణలోని ములుగు ప్రాంతానికి కూలికి వస్తాయి. శ్రీకాకుళం మత్స్యకారులు ఏటా గుజరాత్‌లోని వేరావల్ వెళ్లి అక్కడి పడవల మీద పనిచేస్తారు. జార్ఖండ్, బిహార్, ఒడిశా వాళ్లు హైదరాబాదు చుట్టుపక్కల మేడలు కడతారు, ఇటుక బట్టీల్లో పనిచేస్తారు. పని ఆగిన రోజే వీళ్లకు కూలి ఆగింది. కూలి ఆగితే గది అద్దె లేదు, బియ్యం కొనడానికి డబ్బు లేదు. చాలామందికి పని జరిగే చోటే నివాసం. పని మూతపడితే తలదాచుకునే చోటు కూడా పోయినట్టే. వేరావల్ రేవులో వేల మంది మన మత్స్యకారులు లంగరు వేసిన పడవల్లోనే వారాల తరబడి ఉండిపోయారు. ఏప్రిల్ చివర్లో వాళ్లకోసం బస్సులు ఏర్పాటుచేసి ఆంధ్రప్రదేశ్‌కు తీసుకొచ్చారు.

మరి ప్రభుత్వం ఉచితంగా ఇచ్చిన బియ్యం? ఏప్రిల్ నుంచి రేషన్ కార్డుల్లోని ప్రతి మనిషికి నెలకు 5 కిలోల బియ్యమో గోధుమలో ఇచ్చిన మాట నిజం. అయితే వీళ్ల కార్డు సొంతూళ్లో ఉంది, మనిషి ఇక్కడున్నాడు. అప్పట్లో ఊళ్లో ఉన్న డీలరు దగ్గరే ఆ కార్డు చెల్లేది. తెలంగాణ ప్రభుత్వం తమ రాష్ట్రంలో ఉన్న వలస కూలీలకు కార్డుతో పని లేకుండా మనిషికి 12 కిలోల బియ్యమో పిండో, దానితో పాటు 500 రూపాయలూ ఇస్తామని ప్రకటించింది. కానీ అన్ని చోట్లా, అందరికీ సాయం సమయానికి అందలేదు. అందక, ఊరు చేరితే చాలుననుకుని జనం నడక మొదలుపెట్టారు.

మే 1 తెల్లవారుజామున హైదరాబాదు దగ్గరి లింగంపల్లి స్టేషన్ నుంచి ఒక రైలు జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది. లాక్‌డౌన్‌లో వలస కూలీల కోసం నడిచిన మొట్టమొదటి రైలు అదే. వాళ్లలో ఎక్కువమంది సంగారెడ్డి జిల్లా కందిలో ఐ.ఐ.టి. భవనాలు కడుతున్న కార్మికులు. 24 పెట్టెల రైలు. పెట్టెకు 72 మంది పట్టేచోట 54 మందినే కూర్చోబెట్టారు. సుమారు 1,200 మంది ఆ రాత్రికి హటియా చేరారు. ఆ రోజు నుంచి ఆగస్టు నెలాఖరు దాకా దేశమంతటా ఇలాంటి శ్రామిక్ స్పెషల్ రైళ్లు 4,621 నడిచాయి. 63 లక్షల మందికి పైగా వాటిలో ఊళ్లు చేరారు.

అందరికీ రైలు దొరకలేదు. మే 8 తెల్లవారుజామున మహారాష్ట్రలోని అప్పటి ఔరంగాబాద్ దగ్గర 16 మంది కార్మికులు గూడ్సు రైలు కింద పడి చనిపోయారు. వాళ్లు జాల్నా నుంచి పట్టాల వెంట నడిచి, అలసిపోయి ఆ పట్టాల మీదే నిద్రపోయారు. రైళ్లు ఆగిపోయాయని దేశమంతా అనుకుంటున్న రోజులవి. గూడ్సు బండ్లు ఆగలేదని పైన చెప్పుకున్నాం. మన ఇళ్లకు బియ్యం, పాలు వచ్చింది అలాంటి బండ్ల మీదే. కాబట్టి ఈ సంఘటనను ఎక్కడో జరిగిన వార్తగా వదిలేయలేం.

రెండు రకాల బదిలీలు

మనమూ సొంతూరు వదిలి వచ్చినవాళ్లమే. ఆ కార్మికులూ అంతే. మన నాన్నలు ఆర్డరు మీద వస్తారు, వాళ్లు మేస్త్రీ మాట మీద వస్తారు. తేడా ఎక్కడుందో ఒక్కొక్కటిగా చూద్దాం.

మన కుటుంబాలకు చాలా చోట్ల క్వార్టర్స్ ఉంటాయి, లేకపోతే అద్దె భత్యం ఉంటుంది. వాళ్లకు పని జరిగే చోట వేసుకున్న రేకుల షెడ్డు ఉంటుంది. 2020 ఏప్రిల్‌లో మన ఇళ్లలో డి.ఎ. పెంపు నిలిపేశారు, కానీ నెల జీతం వచ్చింది. వాళ్లకు రోజు కూలే లేదు. మనకు బదిలీ అయితే టి.ఎ. ఇస్తారు, సామాన్లకు లారీ ఖర్చు ఇస్తారు. వాళ్లకూ ఇలాంటి హక్కు ఒకటి ఉండేదని మనలో చాలామందికి తెలియదు. అంతర్రాష్ట్ర వలస కార్మికుల కోసం 1979లోనే పార్లమెంటు చట్టం చేసింది. కాంట్రాక్టరు ద్వారా వేరే రాష్ట్రానికి పనికి వెళ్లే కార్మికులకు రానుపోను ప్రయాణ భత్యం ఇవ్వాలని, ఊరు వదిలినందుకు విడిగా కొంత సొమ్ము ఇవ్వాలని అందులో ఉండేది. అయితే పేరు రిజిస్టరులో రాసుకుంటేనే హక్కు అడగడం కుదురుతుంది. మేస్త్రీ మాట మీద వచ్చినవాళ్ల పేర్లు చాలావరకు ఏ రిజిస్టరులోనూ లేవు. ఎంతమంది ఎక్కడున్నారో లెక్క తెలియకపోతే సాయం చేయాలనుకున్నా ఎవరికి చేయాలి?

ఇక్కడే మన ప్రశ్నకు జవాబు ఉంది. ఇంట్లో ఉండగలగడం మన ధైర్యం వల్ల కాదు, ఓర్పు వల్ల కాదు. మనం ఏ ఊరికి వెళ్లినా మన జీతం, ఇల్లు, బడి, కాగితాలు మనతో పాటు వస్తాయి. ఆ ఏర్పాటును మన కోసం ముందు తరాలవాళ్లు చేసిపెట్టారు. ఆ కార్మికులకు ఊరు దాటితే వెంట వచ్చేది రెండు చేతులే. చేతులకు పని లేనప్పుడు తిరిగి ఊరికి నడవడం తప్ప మిగిలిన దారి లేదు.

ఏర్పాటు అంటున్నాం కదా, దాన్ని వాళ్లకూ చేయవచ్చు. రేషన్ కార్డునే తీసుకోండి. ఏ రాష్ట్రం కార్డుతోనైనా ఏ రాష్ట్రంలోనైనా బియ్యం తీసుకునే పద్ధతిని 2019 ఆగస్టులోనే రెండు జంటల్లో మొదలుపెట్టారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఒక జంట. గుజరాత్, మహారాష్ట్ర మరో జంట. శ్రీకాకుళం కార్డుతో హైదరాబాదులో బియ్యం తీసుకోవడం అలా వీలైంది. 2020 వేసవి తర్వాత మిగిలిన రాష్ట్రాలను కూడా ఇందులో చేర్చే పని వేగం అందుకుంది. మన టి.సి. మనతో వచ్చినట్టు, వాళ్ల బియ్యం వాళ్లతో వస్తుందన్నమాట.

టి.సి. లేని పిల్లలు

చివరగా మన వయసు పిల్లల గురించి. తల్లిదండ్రులతో పాటు పనికి వచ్చిన పిల్లలు మన కాలనీ పక్కనే ఉంటారు. కొత్త బ్లాకు కడుతున్నప్పుడు ఇసుక గుట్ట మీద ఆడుకుంటూ కనబడతారు. కట్టడం అయిపోయాక ఆ కుటుంబాలు వెళ్లిపోతాయి. వాళ్లు ఎక్కడి నుంచి వచ్చారో, ఏ తరగతి దాకా చదివారో మనం అడగం. టి.సి. లేదు కాబట్టి బడిలో చేర్చుకోరేమోనని వాళ్ల అమ్మానాన్నలూ అడగరు.

2009 విద్యాహక్కు చట్టం దీనికి జవాబు ముందే చెప్పింది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలను టి.సి. ఆలస్యమైందన్న కారణంతో బడిలో చేర్చుకోకుండా ఉండకూడదు. వయసు ధ్రువపత్రం లేదని కూడా కాదనకూడదు. చదువు మధ్యలో ఆగిన పిల్లలను వాళ్ల వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకుని, వెనుకబడిన పాఠాలు విడిగా నేర్పాలి. ఈ మూడు మాటలూ పక్కనున్న షెడ్డులో ఒక అమ్మకు తెలిస్తే, దగ్గరి ప్రభుత్వ బడికి ఒక పిల్లో పిల్లాడో అదనంగా వెళ్తారు.

ఆ మాటలు చెప్పగలిగినవాళ్లం మనం. హిందీ వచ్చు, తెలుగు వచ్చు, మూడేళ్లకో ఊరు మారడం వల్ల మరో భాష కూడా కాస్తో కూస్తో వచ్చు. కొత్త బడిలో మొదటి రోజు ఎవరూ పలకరించకపోతే ఎలా ఉంటుందో మనకు బాగా తెలుసు. మనం చేరిన ప్రతిచోటా ఎవరో ఒకరు వచ్చి, నీ పేరేంటి, ఏ ఊరి నుంచి వచ్చావు అని అడగబట్టే ఆ ఊరు మనదైంది. మన గోడ అవతల ఇసుక గుట్ట మీద ఆడుకునే పిల్లల్ని కూడా అలాగే పలకరిద్దాం. పేరు, ఊరు అయ్యాక మూడో ప్రశ్న కూడా అడుగుదాం: ఏ బడిలో చదువుతున్నావు?